చేతికి తిరిగొచ్చే సోడాబుడ్డి

మొదట గోలీలు వినిపిస్తాయి. మేడ్చల్ స్టేషను వెనక సందు మలుపు తిరిగేసరికి, మనిషి జాడ ఇంకా లేనప్పుడే, గాజు నవ్వినట్టు ఒక గలగల. అది ఆగుతుంది. పాత ఇనుము ఒకసారి మూలుగుతుంది. మళ్ళీ గలగల.

ఆ చప్పుడు పట్టుకుని నడిస్తే ఒక రేకుల షెడ్డు వస్తుంది. గడప పక్కన నీళ్ళతొట్టి, తొట్టిలో మునిగి తేలుతూ ఆకుపచ్చ సోడాబుడ్లు. వాటి వెనక ఇనుప చక్రం. చక్రం వెనక రేచల్.

అరవైకి దగ్గరపడిన మనిషి. కుడిభుజం ఎడమదాని కంటే కొంచెం దిగి ఉంటుంది. పిడి పట్టుకుని చక్రం తిప్పుతుంటే పంజరం లాంటి గూట్లో బుడ్లు తలకిందులై దొర్లుతాయి, నీళ్ళలోకి గ్యాసు ఇంకుతుంది. బుడ్డి తల కిందికి వచ్చినప్పుడు లోపలి గోలీ జారి మెడలోని రబ్బరుకు అతుక్కుపోతుంది. ఇక ఎవరో ఒకరు బొటనవేలు పెట్టి నొక్కేదాకా ఆ గాలి బయటికి రాదు. రేచల్ కూడా కొంచెం అలాంటి మనిషే అని సందులోవాళ్ళు అనుకుంటారు. ఆమెతో అనరు. ఆమెతో ఏదైనా అనేంత చనువు సందులో ఎవరికీ లేదు.

నాయిన పోయిన ఏడాది ఆమె ఈ పిడి పట్టుకుంది. సంబంధాలు వచ్చాయి. వచ్చినవాళ్ళు పిల్లను చూసేవాళ్ళు, చక్రాన్ని చూసేవాళ్ళు, పెళ్ళయినంక ఇది ఉండదు గదా అని అడిగేవాళ్ళు. ఆమె బుడ్లు కడుక్కునేది. అట్లా కడుగుతుండగానే అడగడానికి వచ్చేవాళ్ళు తగ్గారు, తర్వాత ఆగారు. షెడ్డు వెనక ఒక గది, ఒక కిటికీ. కిటికీలోంచి రైళ్ళు కనబడవు. వినబడతాయి.

బుడ్లు నిండాక తోపుడుబండి మీద పేర్చి, తడి గోనె కప్పి, హైవే పక్కకు తోసుకుపోతుంది. కండ్లకోయ కాలేజీ బస్సులు ఆగే చోట, ఫ్లైఓవర్ నీడలో నిలబడుతుంది. బండి ముందు ఒక చెక్కపలక వేలాడుతుంది. దాని మీది అక్షరాలు సగం చెరిగిపోయాయి. దగ్గరికి వచ్చి చూస్తే చదవొచ్చు: ‘బుడ్డి కింద పెట్టరాదు. చేతికియ్యవలెను.’

దగ్గరికి వచ్చి చూసేవాళ్ళు లేరు.

“ఆంటీ, స్ట్రా ఉందా?” అంది ఒకరోజు కావ్య అనే కాలేజీ పిల్ల.

“సోడకు స్ట్రా ఏందమ్మా? కొబ్బరిబొండమా ఇది?”

“అంటే... ఎవరెవరో నోరు పెట్టిన బాటిల్ కదా ఆంటీ.”

“ఉడుకునీళ్ళల్ల కడిగిన బిడ్డా. నీ ఫోను కంటె సాఫున్నది.”

పక్కనున్న శ్రీలేఖ పకపకా నవ్వింది. “నీకు కావాల్సింది సోడా కాదే, ఆ కీచుమనే సౌండు. నువ్వు వీడియో తీస్కో, తాగుడు నేను తాగుతా.”

తాగింది. ముక్కు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. బస్సు హారన్ కొట్టగానే ఖాళీ బుడ్డిని ఫ్లైఓవర్ దిమ్మె మీద పెట్టి ఇద్దరూ పరుగెత్తారు. రేచల్ బండి అంచు మీద రెండు చేతులూ ఆనించుకుని నిలబడింది. బస్సు పోయింది. దిమ్మె మీద బుడ్డి, బుడ్డిలో గోలీ, గోలీలో తలకిందులైన చిన్న హైవే. ఆమె నడిచి వెళ్ళి దాన్ని తెచ్చుకుంది.

ఇదంతా కరోనా తర్వాత వచ్చిన మార్పు. అంతకుముందు తాగినవాళ్ళు తాగినట్టే బుడ్డి చేతికిచ్చేవాళ్ళు. ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలేవి. సున్నం అంటిన వేళ్ళు, గ్రీజు వేళ్ళు, పెళ్ళికి పోతూ పెట్టుకున్న ఉంగరాల వేళ్ళు. అవి తగులుతున్నాయని ఆమె ఎప్పుడూ గమనించలేదు. ఆగిపోయాక గమనించింది. చర్చిలోనూ అంతే. ఆరాధన అయ్యాక వరసగా చేతులు కలిపి వందనాలు చెప్పుకునేవాళ్ళు, ఇప్పుడు ఎవరి చేతులు వాళ్ళే జోడించి దూరం నుంచి తల ఊపుతున్నారు. ఒక ఆదివారం ఇంటికి నడుస్తూ రేచల్‌కి తోచింది, తనను ఇంకో మనిషి తాకి చాలా రోజులైందని. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక బుడ్లు కడిగింది.

చేతికియ్యాలనే ఆ నియమం ఆమెది కాదు. ఆమె తాతదీ కాదు. పరంజ్యోతిది.

శామీర్‌పేట వెలివాడలో పుట్టిన పరంజ్యోతిని ఇప్పుడు అందరూ సంస్కర్త అంటారు. నిజాం కాలంలో వాడపిల్లలకు బడి పెట్టాడు. వెట్టికి పోవద్దని ఇల్లిల్లూ తిరిగాడు. అంతవరకు అందరికీ తెలుసు. ఆ బడి కప్పు ఎట్లా నిలబడిందో, పంతులుకు బువ్వ ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ అడగరు. ఇంగ్లీషు దొరల దండు ఉండే లష్కర్‌లో సోడా ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడ పాతబడిన ఒక మిషన్ను ఎడ్లబండి మీద మేడ్చల్‌కు తెచ్చుకున్నాడాయన. వాడలో ఆయన పేరు పంతులు. బజార్లో సోడా పరంజ్యోతి. ఆ చక్రం తిప్పిన మనిషి రేచల్ తాత ఎలీషా. పరంజ్యోతి తర్వాత అది ఎలీషా ఇంట్లోనే ఉండిపోయింది.

చిన్నప్పుడు రేచల్ తాత పక్కన కూచుని బుడ్లకు రబ్బర్లు ఎక్కిస్తూ ఈ కథ విన్నది. తాత దాన్ని ఎప్పుడూ ఒకేలా చెప్పేవాడు.

“మన చేతి నీళ్ళు ఎవరు తాగుతరు బిడ్డా ఆ దినాల్ల? చూస్తెనే మొఖం తిప్పుకునేటోళ్ళు. కని సోడ జేసేది మిషను గద. మిషనుకు మైల లేదని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నరు. గొంతెండితె దూప అట్ల చెప్పిస్తది. పంతులు గా సంగతి చూసిండు. రైలు ఆగేది గింతసేపు. కిటికీలకెళ్ళి సోడ ఇచ్చుడు, వాళ్ళు గటగట తాగుడు, మనం చెయ్యి జాపుడు. రైలు కదిల్తె బుడ్డి నిజామాబాద్ పోతది! గందుకని వాళ్ళు జల్దీ జల్దీ చేతిలనే పెట్టాలె. కింద పెడ్దామంటె కింద పట్టాలు.”

“మరి బండికాడ పట్టాలు లేవు గద తాతా?”

“లేవు. గందుకే పలక రాయించిండు.”

ఊళ్ళో కొందరు సొంత చెంబులు తెచ్చి వాటిలో పొయ్యమనేవాళ్ళట. పోస్తే గ్యాసు పోతుంది, బుడ్డితోనే తాగండి అనేవాడట పరంజ్యోతి. అది సగం నిజం. ఆ సగం నిజంతో ఆయన పెద్దపెద్దవాళ్ళ మూతుల్ని వాడవాళ్ళు తాగిన బుడ్డికి ఆనించాడు. బండి దగ్గర ఉపన్యాసం చెప్పేవాడు కాదు. ఎవరైనా వాదానికి దిగితే, ఆదివారం రా, ఈరోజు సోడా తాగు అనేవాడు. పొద్దున్నే మొదటి బుడ్డి తానే కొట్టి తాగేవాడు. ముక్కులో సర్రుమనకపోతే ఆ పూట సరుకంతా పారబోయించేవాడు. పగిలిన బుడ్డి గురించి రోజంతా సణిగేవాడు. పక్కా బేరగాడని తాత మెచ్చుకోలుగానే అనేవాడు.

“చెయ్యి తగలాల్నని బుడ్డి అమ్మిండో, బుడ్డి పోవద్దని చెయ్యి జాపిండో, నాకు ఇప్పటికీ సమజ్ గాలే బిడ్డా,” అనేవాడు చివర్లో. “ఆయన్ని అడిగితె నవ్విండు. చక్రం తిప్పు ఎలీషా అన్నడు.”

ఈ ఎండాకాలం మొదట్లో జోయెల్ వచ్చాడు. పరంజ్యోతి మునిమనవడు, బౌరంపేట్‌లో ఇళ్ళు కట్టించే వ్యాపారం. శామీర్‌పేట చర్చి ఆవరణలో ముత్తాత విగ్రహం పెడుతున్నారని, పక్కనే ఒక జ్ఞాపకాల గది కూడా కట్టారని చెప్పాడు. గడప దగ్గర నిలబడి చక్రం వైపు చాలాసేపు చూశాడు.

“రేచలక్కా, విగ్రహం రోజు సోడలు నువ్వే తేవాలె. ఇంకొక ముచ్చట. గీ మిషన్ను ఆ గదిల పెడ్దమనుకుంటున్నం. అద్దాల పెట్టెల. లైట్లు గిట్ల పెట్టి.”

“మిషను పెట్టెల ఏం జేస్తదిరా?”

“రెస్టు తీసుకుంటది. నువ్వు కూడ తీస్కో అక్కా. భుజం చూడు, ఎట్ల దిగిందో. ఇగ ఎవరు తాగుతున్నరు చెప్పు?”

అతని మాటలో కపటం లేదు. అదే ఆమెకు కష్టమనిపించింది. కపటం ఉంటే తిట్టి పంపేది.

“సభ అయినంక చెప్త,” అంది.

ఆ రాత్రి కాదు, ఆ మర్నాడు చక్రం తిప్పుతూ ఆమె తనకు తానే ఒక మాట ఇచ్చుకుంది. సభకు వచ్చేది పరంజ్యోతి మనుషులు. అక్కడ కూడా ఒక్క బుడ్డి చేతికి తిరిగి రాకపోతే, ఇగ మిషను అద్దాల్లోకే పోనీ. ఒక్కటి వచ్చినా ఇయ్యను. పలక మాత్రం బాగా తుడిచి, చెరిగిన అక్షరాల మీద సుద్దతో దిద్దింది.

శామీర్‌పేట చర్చి ముందు షామియానా. తోపుడుబండి కిరాయి ట్రాలీలో వచ్చి దిగింది. విగ్రహానికి పొడుగు కోటు, చేతిలో పుస్తకం. వేళ్ళు నున్నగా ఉన్నాయి. ఆ వేళ్ళను రేచల్ చాలాసేపు చూసింది. గాజుతో పనిచేసినవాడి వేళ్ళ మీద గీతలుంటాయి, తన వేళ్ళ మీద ఉన్నట్టు. శిల్పికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మాట్లాడినవాళ్ళు బాగానే మాట్లాడారు. ఆయన దీపం అన్నారు, విత్తనం అన్నారు, బడి గురించి చెప్పారు, పిల్లలు పాట పాడారు. సోడా అన్న మాట మాత్రం మైకులోంచి రాలేదు. జోయెల్ ఒకసారి బండి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: “పిలుపు కార్డుల సోడ పరంజ్యోతి అని వేద్దమన్న అక్కా. చిన్నతనంగుంటదని కమిటీవాళ్ళు వద్దన్నరు.”

“ఆయనకు లేని చిన్నతనం వాళ్ళకెందుకురా?”

జోయెల్ తల గోక్కుని వెళ్ళిపోయాడు.

సభ ముగిసి జనం బండి మీదికి వచ్చారు. రేచల్ బొటనవేలికి తీరికలేదు. కీచు, కీచు, కీచు. కానీ కమిటీవాళ్ళు బండి పక్కన కాగితం గ్లాసుల కట్టలు పేర్చి ఉంచారు. కొద్ది దూరంలో ఒక నీలం టబ్బు, దాని మీద అట్టముక్క: ఖాళీ బాటిళ్ళు ఇందులో. జనం బుడ్డి తీసుకున్నారు, గ్లాసులో వంచుకున్నారు, ఖాళీదాన్ని టబ్బులో పెట్టారు. మర్యాదగా, వరసగా పెట్టారు. ఒకావిడ బుడ్డి అంచు చేతిరుమాలుతో తుడిచి మరీ పెట్టింది. పలక అక్కడే వేలాడుతోంది, సుద్ద అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. తాతను ఎరిగిన ముసలాయన ఒకరు దాన్ని చదివారు. “పాపం, పగుల్తయని రాయించి ఉంటరు,” అని బుడ్డిని జాగ్రత్తగా టబ్బులో పడుకోబెట్టారు.

రేచల్ బండి అంచు మీద చేతులు ఆనించుకుని నిలబడింది. టబ్బు నిండుతుంటే గోలీలు ఒకదానికొకటి తగిలి మోగాయి. తన సందులో మోగే చప్పుడే అది. ఇక్కడ మాత్రం ఎవరో వేరే వాళ్ళింట్లో మోగుతున్నట్టు ఉంది.

జనం పలచబడ్డారు. కార్లు చెరువు కట్ట మీదుగా వెళ్ళిపోయాయి. కాగితం గ్లాసులు గాలికి దొర్లుతుంటే వాటి వెనక చీపురు పట్టుకుని వజ్రమ్మ వచ్చింది. మున్సిపాలిటీలో ఊడ్చే పని. పొద్దున్నుంచి ప్రహరీ గోడ నీడలో కూచుని సభ ముగియడం కోసం చూస్తోంది. నడుముకు వేలాడుతున్న ప్లాస్టిక్ బాటిల్ విప్పి, మూత తీసి, బండికి ఇవతలే ఆగి, దూరం నుంచే జాపింది.

“అక్కా, ఒకటి మిగిలిందా? గీండ్ల పొయ్యవా జెర.”

రేచల్ గోలీ నొక్కింది. కీచుమంది. అలసిన చెయ్యి దానంతట అదే వంగింది, ప్లాస్టిక్ మూతిలోకి నురగ పడింది. సగం ఒంపాక ఆమెకు తెలిసింది తనేం చేస్తోందో. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. ఎవరు చెంబు తెచ్చినా తాత ఒంచలేదు, నాయిన ఒంచలేదు. తను ఒంచింది. అదీ ఎవరికి, పైనుంచి పోస్తే పట్టుకోవడానికి అలవాటుపడ్డ మనిషికి.

బుడ్డి నిలబెట్టింది.

“ఆగు. పోస్తె గ్యాసు పోతది. నోరు పెట్టి తాగు.”

“వద్దక్కా. నేను ఎంగిలి జేస్తె మళ్ళ ఎవరన్న తాగుతరా?”

“అందరి ఎంగిలే ఉన్నది దానికి. మా తాతల కాలంకెళ్ళి ఉన్నది. తాగు.”

వజ్రమ్మ అటూ ఇటూ చూసింది. బుడ్డి అందుకుంది. ఒక్క గుక్కలో తాగబోయి సగంలో ఆగి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అవ్వో! ముక్కులకెళ్ళి వస్తాందక్కా! ఏం కలిపినవ్ ఇండ్ల?”

“ఏం కలపలే. గాలి.”

“గాలేనా? నా మొగడు తాగేదాని కంటె మస్తు ఘాటున్నది!” అని నవ్వి, మిగిలింది తాగి, పెద్దగా తేన్చి, కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, రెండడుగులు వెనక్కి వేసి నడుం వంచింది. బండికి దూరంగా, నేల మీద, బుడ్డి పెట్టడానికి.

బుడ్డి అడుగు మట్టికి తగలబోతోంది. రేచల్ చెయ్యి బండి అంచు నుంచి ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. బండి చుట్టూ తిరిగి ఎట్లా వచ్చిందో కూడా తెలియదు. వంగి, బుడ్డి కింద అరచెయ్యి పెట్టింది.

“గాడ వద్దు. నా చేతికియ్యి.”

వజ్రమ్మ ఇచ్చింది. చీపురు పట్టిన వేళ్ళు, చక్రం పట్టిన వేళ్ళు. కాయలు కాయల మీద ఒరుసుకున్నాయి.

“నీ చెయ్యేందక్కా, గింత సల్లగున్నది?”

“పొద్దంత నీళ్ళల్లనే ఉంటది.”

“జెరసేపు ఎండకు పెట్టు,” అని వజ్రమ్మ చీపురు అందుకుని గ్లాసుల వెంట వెళ్ళిపోయింది. ఊరికే వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. రేచల్ ఆ ఖాళీ బుడ్డిని టబ్బులో పెట్టకుండా కొంగులో చుట్టుకుంది.

పొద్దు వాలుతుండగా జోయెల్ ట్రాలీ ఆటో తీసుకుని మేడ్చల్ షెడ్డుకు వచ్చాడు. మోకు, గోనెసంచులు, మిషను మొయ్యడానికి ఇద్దరు మనుషులు. ఆమె గడప మీద కూచుని ఉంది.

ట్రాలీలో తిరిగొచ్చే దారంతా ఆమెది ఒకటే ఆలోచన. ఒక్క బుడ్డి వచ్చింది. అయితే అది వచ్చిందా, తాను తెచ్చుకుందా? చెయ్యి ముందు తనదే కదా జాపింది. ఇచ్చుకున్న మాట ప్రకారం అది లెక్కలోకి వస్తుందా రాదా? రైలు కిటికీల కింద నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. కోటు లేదు, పుస్తకం లేదు. రైలుపెట్టె వెంట పరుగెత్తుతూ, లోపలివాళ్ళు ఇస్తారో ఇయ్యరో తెలియకుండా, చెయ్యి పైకెత్తి. మనం చెయ్యి జాపుడు, అనేవాడు తాత. ఎన్నిసార్లు విన్నది ఆ మాట. బండి అంచు మీద చేతులు ఆనించుకుని నిలబడమని ఆ కథలో ఎక్కడా లేదు.

“తీసుకపోదమా అక్కా?”

“మిషను ఇయ్యనురా.”

“గదేందక్కా? ఆటో గూడ తెచ్చిన. గది కట్టినం, పెట్టె చేయించినం. ఖాళీ పెట్టెల ఏం పెట్టాలె, నన్నా?”

“నిన్ను పెడ్తె ఎవరు చూస్తర్రా?” ఆమె నవ్వింది. లేచి, బండి దగ్గరికి వెళ్ళి, పలక ముడి విప్పి తెచ్చి అతని చేతిలో పెట్టింది. “ఇది పెట్టు.”

జోయెల్ దాన్ని వెలుతురుకు తిప్పి చదివాడు. “బుడ్డి కింద పెట్టరాదు... ఇదేంది, నోటీసు బోర్డు?”

“మీ ముత్తాత ప్రసంగం. పొద్దంత మైకుల ఎవ్వరు చెప్పలే గద.”

అతనికి ఎంత అర్థమయిందో తెలియదు. అయినా పలకను గోనెలో మెత్తగా చుట్టి, తన పక్క సీటులో పెట్టుకుని వెళ్ళాడు. మనుషులు, మోకు, ఖాళీ ట్రాలీ అతని వెనక కదిలాయి. ఆ చప్పుడు సందు దాటాక రేచల్ చక్రం పిడి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. ఇనుము వెచ్చగా ఉంది, పగటి ఎండ ఇంకా దాన్ని వదల్లేదు.

తర్వాత పెద్దగా మారిందేమీ లేదు. కాలేజీ పిల్లలు ఇప్పటికీ స్ట్రా అడుగుతారు. కొన్ని మధ్యాహ్నాలు ఒక్కరూ రారు, ఫ్లైఓవర్ నీడ ఈ దిమ్మె నుంచి ఆ దిమ్మెకు జరుగుతుంది, గోనె తడి ఆరిపోతుంది. చర్చిలో దూరం నుంచే వందనాలు. వజ్రమ్మ మళ్ళీ కనబడలేదు. కొత్తగా ఒకటే. ఎవరైనా బుడ్డి పైకెత్తి తాగుతుండగానే రేచల్ చెయ్యి జాపి ఉంచుతుంది. ఎండలో, వేళ్ళు విప్పి. చాలామంది చూడరు. చూసినవాళ్ళు చిల్లర అడుగుతోందనుకుని జేబులు తడుముకుంటారు. ఎప్పుడో ఒకరు ఇస్తారు.

ఇదంతా రాసుకుందామని వెళ్ళిన మనిషికి కూడా ఆమె ఒక సోడా కొట్టి ఇచ్చింది. రైలు వెళ్తున్న చప్పుడు, అది దూరమయ్యాక చక్రం చప్పుడు. తాగడం అయ్యాక ఖాళీ బుడ్డి ఎక్కడ పెట్టాలో తోచక గడప పక్కన చోటు వెతుకుతుంటే, అంతసేపూ అక్కడే జాపి ఉన్న ఆ తడిచెయ్యి కనబడింది.

“గాడ పెట్టకు బిడ్డా,” అంది రేచల్. “ఇటియ్యి.”